పై పోర్షన్‌కు రెండో రౌటర్: ఇంట్లో అడ్రసులు పంచేది ఒక్కటే ఉండాలి

అన్నా, మీరు చెప్పింది నాకు అర్థమైన మటుకు ఇది. జడ్చర్లలో రెండంతస్తుల ఇల్లు. కింద హాల్లో టీవీ పక్కన కంపెనీవాళ్లు బిగించిన ఫైబర్ బాక్స్ ఉంది. మీ బిడ్డ పైన గదిలో కూర్చుని ఆఫీసు పని చేస్తుంది, అక్కడికి సిగ్నల్ సరిగా అందదు. కొత్త రౌటర్ కొని, కింది నుంచి పైకి కేబుల్ లాగి, దాని పసుపు పోర్టులో (ఇంటి లోపలి వస్తువులకని ల్యాన్ అని రాసి ఉండేది) పెట్టారు. అప్పటినుంచి పైన నెట్ లేదు, కింద కూడా ఒకసారి వస్తుంది ఒకసారి పోతుంది. తెలిసినతను చెప్తే కేబుల్ నీలం పోర్టులోకి మార్చారు. నెట్ వచ్చింది గానీ పై నుంచి ఫోన్‌లోని వీడియో కింది టీవీకి పంపుదామంటే టీవీ కనబడదు, కింది లాప్‌టాప్ నుంచి పైనున్న ప్రింటర్‌కు ప్రింట్ పోదు. రౌటర్ చెడిపోయిందా, వాపసు ఇయ్యాలా అని అడిగారు.

వాపసు ఇయ్యొద్దు. రౌటర్ మంచిగనే ఉంది. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు ఇళ్లల్లో, రైస్ మిల్లుల్లో, బడుల్లో నేను చేసేది ఈ పనే. రెండో రౌటర్ పెట్టాక నెట్ ఆగమైందని పిలిచిన చోట ఎక్కువసార్లు కనబడేది మీ ఇంట్లో జరిగిందే.

మనం రౌటర్ అని పిలిచే డబ్బాలో నిజానికి మూడు పనులు కలిసి ఉంటాయి. ఒకటి, బయటి ఇంటర్నెట్‌కూ ఇంటికీ మధ్య దర్వాజలా నిలబడి, లోపలి ఫోన్ల మాట బయటికీ బయటి జవాబు లోపలికీ చేర్చడం. రెండు, ఇంట్లోకి వచ్చిన ప్రతి ఫోన్‌కూ టీవీకీ ఒక అడ్రసు ఇవ్వడం, దీన్నే డీహెచ్‌సీపీ అంటారు. మూడు, వైఫై గాలిలోకి వదలడం, వెనకున్న పోర్టులను ఒకదానితో ఒకటి కలపడం. మీ కింది బాక్స్ ఈ మూడూ చేస్తూనే ఉంది. పైన మీకు కావాల్సింది మూడోది ఒక్కటే. కానీ కొత్త రౌటర్‌కు ఆ సంగతి తెలియదు. అట్టపెట్టె లోంచి తీసి కరెంటు ఇవ్వగానే, ఈ ఇంట్లో ఉన్న రౌటర్ నేనొక్కదాన్నే అన్నట్టు మూడు పనులూ మొదలుపెడుతుంది.

పసుపు పోర్టులో పెట్టినప్పుడు ఏమైందో చూడండి. ఏ ఫోనైనా వైఫైకి తగులుకోగానే, నాకొక అడ్రసు ఇయ్యండని ఇంటి నెట్‌వర్క్ మొత్తానికీ వినబడేలా అడుగుతుంది. ముందు పలికినవాళ్ల అడ్రసే తీసుకుంటుంది. మీ కింది బాక్స్ 192.168.1.1 మీద ఉండి 192.168.1తో మొదలయ్యే అడ్రసులు ఇస్తుంది. కొత్తది 192.168.0.1తో వచ్చింది, అది 192.168.0తో మొదలయ్యేవి ఇస్తుంది. పసుపు పోర్టుతో రెండూ ఒకే నెట్‌వర్క్‌లోకి వచ్చాయి, రెండూ పలకడం మొదలుపెట్టాయి. కొత్తది అడ్రసు ఇవ్వడమే కాదు, బయటికి పోవాలంటే నా దగ్గరికే రా అని కూడా చెప్తుంది. దాని నీలం పోర్టు ఖాళీ, అంటే బయటి దారి దానికి లేదు. దాని మాట విన్న ఫోన్లన్నీ అక్కడికి పోయి ఆగిపోతాయి. వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, కింద 'కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు' అని వస్తుంది.

కింద కూడా ఎందుకు పాడైందంటే, కింది ఫోన్ అడిగింది పైనున్న కొత్త రౌటర్‌కూ కేబుల్‌లో వినబడుతుంది కాబట్టి. మీరు బజారుకెళ్లి తిరిగి వచ్చాక ఫోన్ మళ్లీ అడ్రసు అడుగుతుంది. ఈసారి కింది బాక్స్ ముందు పలికితే నెట్ వస్తుంది, పైది ముందు పలికితే రాదు. అందుకే ఒకరి ఫోన్‌లో వస్తుంటే పక్కనే కూర్చున్నవాళ్ల ఫోన్‌లో రాదు, రీస్టార్ట్ చేస్తే ఒకసారి బాగవుతుంది ఒకసారి కాదు. ఈ లక్షణం చూసి చాలామంది కంపెనీకి ఫోన్ చేసి లైన్ బాగాలేదని కంప్లైంట్ ఇస్తారు. వాళ్లు వచ్చి కొత్త రౌటర్ పీకేస్తే నెట్ బాగవుతుంది, దాంతో రౌటరే చెడిపోయిందని తేల్చేస్తారు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు, అంతే. ఇంట్లో ఎన్ని రౌటర్లున్నా అడ్రసులు పంచేది ఒక్కటే ఉండాలి. దీన్ని పట్టుకుంటే మిగతాదంతా మీకే అర్థమవుతుంది.

ఇక నీలం పోర్టు. దాని మీద వ్యాన్ అనో ఇంటర్నెట్ అనో రాసి ఉంటుంది. రంగు కంపెనీని బట్టి మారుతుంది, రాసింది చూడండి. కేబుల్ అందులో పెడితే కొత్త రౌటర్ మీ కింది ఇంటిని బయటి ప్రపంచం అనుకుంటుంది. పైన తనదంటూ వేరే నెట్‌వర్క్ కట్టి, మధ్యలో ఇంకో దర్వాజ పెడుతుంది. దీన్ని డబుల్ నాట్ అంటారు. యూట్యూబ్, వాట్సాప్, ఆఫీసు మీటింగులు ఇవన్నీ రెండు దర్వాజలు దాటి బాగానే నడుస్తాయి. తేడా వచ్చేది ఇంట్లోని వస్తువులు ఒకదాన్నొకటి వెతుక్కునేటప్పుడు. ఫోన్ టీవీని వెతికేటప్పుడు వేసే కేక తన నెట్‌వర్క్ దాటి పోదు. అందుకే మీ ఫోన్‌కు టీవీ కనబడలేదు. ప్రింటర్‌ది ఇంకో రకం. పై నుంచి కిందికి, అడ్రసు చేత్తో కొడితే దారి ఉంటుంది. ఉదాహరణకు కింద కెమెరాల డీవీఆర్ (వీడియో రికార్డు చేసే డబ్బా) 192.168.1.60 మీద ఉంటే, పైన లాప్‌టాప్ బ్రౌజర్‌లో ఆ అంకెలు కొడితే తెరుచుకుంటుంది. కింది నుంచి పైకి మాత్రం ఆ దారి కూడా లేదు, పై రౌటర్ దర్వాజ మూసేసి ఉంటుంది. మీ లాప్‌టాప్ ప్రింటర్‌ను చేరలేకపోయింది అందుకే.

మీ ఇంటికి సరైన పద్ధతి యాక్సెస్ పాయింట్. ఇప్పుడు దొరికే చాలా రౌటర్లలో సెట్టింగ్స్‌లో ఆపరేషన్ మోడ్ అని ఉంటుంది, అందులో యాక్సెస్ పాయింట్ ఎంచుకుని సేవ్ చేస్తే రౌటర్ ఒకసారి ఆగి లేస్తుంది. అప్పటినుంచి అడ్రసులు పంచడం, దర్వాజ పని రెండూ మానేస్తుంది. వైఫై, పోర్టులు మాత్రమే మిగులుతాయి. ఈ మోడ్‌లో చాలా మోడళ్లలో నీలం పోర్టు కూడా మామూలు పోర్టే అయిపోతుంది, కేబుల్ ఎందులో పెట్టినా నడుస్తుంది. పైనున్న ఫోన్‌కు కింది బాక్సే అడ్రసు ఇస్తుంది, టీవీ కనబడుతుంది, ప్రింటర్ పలుకుతుంది.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఈ మోడ్‌లోకి పోయాక కొత్త రౌటర్ చాలావరకు తన అడ్రసు కూడా కింది బాక్స్ దగ్గరే తీసుకుంటుంది. పాత 192.168.0.1 కొడితే పేజీ తెరుచుకోదు. రౌటర్ పోయిందని భయపడి వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ చేయకండి, చేస్తే మళ్లీ మొదటికొస్తుంది, ఆ రెండు కత్తుల సంగతి మళ్లీ మొదలవుతుంది. కింది బాక్స్ పేజీలో, ఏయే వస్తువులు తగులుకున్నాయో చూపే జాబితాలో దాని కొత్త అడ్రసు దొరుకుతుంది.

మీ రౌటర్ పాత మోడల్ అయి ఆ మోడ్ లేకపోయినా పర్వాలేదు, చేత్తో చేసుకోవచ్చు. ఇందులో వరుస ముఖ్యం. కింది కేబుల్ ముందు తీసేయండి. కొత్త రౌటర్‌ను లాప్‌టాప్‌కు ఒక్కదాన్నే తీగతో తగిలించి, దాని పేజీ తెరవండి. టీపీ-లింక్, డీ-లింక్, టెండా రౌటర్లు చాలావరకు 192.168.0.1 మీద తెరుచుకుంటాయి, వెనక స్టిక్కర్ మీద ఎటూ రాసి ఉంటుంది. మొదట వైఫై పేరు, పాస్‌వర్డ్ పెట్టుకోండి. తర్వాత ల్యాన్ సెట్టింగ్స్‌లో దాని అడ్రసును కింది బాక్స్ వరుసలోకి మార్చండి, మీ ఇంటికైతే 192.168.1.2. సేవ్ చేయగానే రౌటర్ లేచి కొత్త అడ్రసు మీద కూర్చుంటుంది, మళ్లీ అక్కడ లాగిన్ అయి, చిట్టచివర డీహెచ్‌సీపీ ఆపేయండి. ముందే ఆపేస్తే లాప్‌టాప్‌కు అడ్రసు ఇచ్చేవాళ్లుండరు, పని సగంలో పేజీ పోతుంది. అట్లా పోతే లాప్‌టాప్‌కు చేత్తో అడ్రసు ఇచ్చి లోపలికి రావచ్చు: రౌటర్ ఇంకా 192.168.0.1 మీదే ఉంటే 192.168.0.50, అప్పటికే 192.168.1.2కు మారి ఉంటే 192.168.1.50, మాస్క్ 255.255.255.0. అంతా అయ్యాక కింది కేబుల్ తెచ్చి పసుపు పోర్టులో పెట్టండి. నీలంది ఖాళీగా వదిలేయండి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. కొన్ని ఫైబర్ బాక్సులు 192.168.1.2 నుంచి 254 దాకా అన్నీ పంచడానికే పెట్టుకుంటాయి. మనం రౌటర్‌కు 2 ఇచ్చాక, అదే 2ను బాక్స్ ఏదో ఒకరోజు ఎవరి ఫోన్‌కో ఇస్తుంది, రెండూ కొట్టుకుంటాయి. బాక్స్ పేజీలో ఆ పంచే వరుస 20 నుంచి మొదలయ్యేలా మార్చండి. కంపెనీ తాళం వేసి ఉంటే మీ కేబుల్ ఆపరేటర్‌ను అడిగితే మారుస్తాడు. జియో ఫైబర్ ఉన్నవాళ్లకు బాక్స్ 192.168.29.1 మీద ఉంటుంది కాబట్టి రెండో రౌటర్ అడ్రసు కూడా 192.168.29తోనే మొదలవ్వాలి. కొత్త రౌటర్ కూడా ఫ్యాక్టరీ నుంచి 192.168.1.1తోనే వస్తే, మార్చకుండా కలిపితే రెండిటికీ ఒకే అడ్రసు అవుతుంది, ఏ పేజీ తెరుచుకుంటుందో చెప్పలేం. అందుకే ముందు విడిగా పెట్టి మార్చుకోమన్నది.

పైకి కేబుల్ రెండు వరుసలు ఉంటే నెట్ గట్టిగా వస్తుందని కొందరు రెండూ తగిలిస్తారు. అది అస్సలు చేయకండి. రెండు తీగలతో ఒక చక్రం ఏర్పడుతుంది, ఇంటి రౌటర్లలో ఎక్కువవాటికి ఆ చక్రాన్ని గుర్తుపట్టే తెలివి లేదు. ఒక కేక ఒక తీగలో పోయి ఇంకో తీగలో తిరిగొచ్చి, తిరుగుతూనే ఉంటుంది. పోర్టు లైట్లన్నీ ఒకేసారి ఆగకుండా గబగబా కొట్టుకుంటుంటే, ఇంట్లో ఎక్కడా నెట్ లేకపోతే, మొదట రెండో తీగ ఉందేమో చూడండి.

ఇప్పుడు కేబుల్ సంగతి. సెట్టింగ్స్ అన్నీ సరిగ్గా పెట్టినా సగం ఇళ్లలో దెబ్బతినేది ఇక్కడే. మీరు లాగిన కేబుల్ ఏదో చెప్పలేదు. బజార్లో తక్కువ ధరకు దొరికే వాటిలో చాలావరకు లోపల అల్యూమినియం, పైన రాగి పూత, దీన్ని సీసీఏ అంటారు. చివర ఒక తీగ తీసుకుని బ్లేడుతో గీకి చూడండి. గీకినా ఎర్రగానే ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే పూత. రెండు మూడు సార్లు అటూ ఇటూ వంచితే పూత తీగ పుటుక్కున విరుగుతుంది. చిన్న దూరానికి అది కూడా నడుస్తుంది గానీ, దూరం పెరిగేకొద్దీ తేడాలొస్తాయి, పిన్ను దగ్గర తీగ విరిగి ఏ ఆర్నెల్లకో పట్టు వదులుతుంది. గోడలోపలి పైపులో వేసేదైతే పూర్తి రాగిదే అడిగి కొనండి, మళ్లీ మళ్లీ గోడ తవ్వలేం కదా. ఇంటికి క్యాట్ 5ఈ చాలు, 100 మీటర్ల దాకా 1 జీబీపీఎస్ మోస్తుంది. క్యాట్ 6 దొరికితే ఇంకా మంచిది.

చివర్లలో పిన్ను కొట్టేటప్పుడు రెండు వైపులా ఒకే వరుస ఉండాలి: ఆరెంజ్ వైట్, ఆరెంజ్, గ్రీన్ వైట్, బ్లూ, బ్లూ వైట్, గ్రీన్, బ్రౌన్ వైట్, బ్రౌన్. మూడోదీ ఆరోదీ గ్రీన్ జత, మధ్యలో బ్లూ జత దూరుతుంది. తెలియనివాళ్లు గ్రీన్ పక్కన గ్రీన్ పెట్టేసి అక్కడే తప్పుతారు. ఎనిమిది తీగల్లో ఆరెంజ్, గ్రీన్ జతలు రెండే పట్టినా నెట్ వస్తుంది, కాకపోతే 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది. 1 జీబీపీఎస్‌కు నాలుగు జతలూ పట్టాలి. మీ ప్లాన్ 200 అయి పైన ఎప్పుడు చూసినా 93, 94 దగ్గర ఆగుతుంటే పిన్ను తప్పయినా అయి ఉండాలి, రౌటర్ పోర్టులే 100వి అయినా అయి ఉండాలి. 300 ఎంబీపీఎస్ అని పెట్టె మీద పెద్దగా రాసే చవక రౌటర్లలో ఆ 300 వైఫైది, వెనక పోర్టులు మాత్రం 100వే ఉంటాయి. కొనేముందు గిగాబిట్ పోర్టులేనా అని చూసుకోండి.

కరెంటు తీగల పైపులోనే నెట్ కేబుల్ దూర్చొద్దు. సిగ్నల్ పాడవడం ఒకటైతే, ఎక్కడైనా ఇన్సులేషన్ పోతే రౌటర్‌ను ముట్టుకున్నవాళ్లకు షాక్. బయటి గోడ మీదుగా పోయేదైతే నల్ల తొడుగున్న అవుట్‌డోర్ కేబుల్ వాడండి. పాలమూరు ఎండకు లోపలి కేబుల్ తొడుగు పెళుసుబారి పగిలిపోతుంది, వాన నీళ్లు దిగుతాయి. కోతులున్న ఊళ్లలో వేలాడే కేబుల్ ఏదీ మిగలదు, పీవీసీ పైపులో పెట్టి క్లాంపులు కొట్టించండి.

వైఫై పేరు గురించి అందరూ అడుగుతారు, పైన వేరే పేరు పెట్టాలా, అదే పేరా అని. మీ ఇంటికి అదే పేరు, అదే పాస్‌వర్డ్, అదే సెక్యూరిటీ రకం పెట్టండి. అప్పుడు మెట్లెక్కి పోతుంటే ఫోన్ దానంతటదే పైదానికి మారుతుంది. అయితే ఎప్పుడు మారాలో నిర్ణయించేది రౌటర్ కాదు, ఫోనే. ఐఫోన్ అయితే సిగ్నల్ మైనస్ 70 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే లెక్క) కన్నా పడిపోయాకే ఇంకోదాన్ని వెతుకుతుంది. ఆండ్రాయిడ్‌లో ఫోన్‌ను బట్టి మారుతుంది. పైకి పోయినా ఫోన్ కిందిదాన్నే పట్టుకుని వేలాడుతుంటే, కింది బాక్స్ వైఫై పవర్ మీడియంకు తగ్గించి చూడండి. అందరూ పెంచాలనుకుంటారు, రెండు రౌటర్లున్న ఇంట్లో చాలాసార్లు తగ్గిస్తేనే బాగుంటుంది.

ఛానెళ్లు మాత్రం వేరుగా ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలనివి 1, 6, 11. కింద 1 ఉంటే పైన 6 లేదా 11, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 5 గిగాహెర్ట్జ్‌లో కింద 36, పైన 149 పెట్టుకుంటే గొడవ లేదు. పక్కింటివాళ్లు ఏ ఛానెల్లో ఉన్నారో వైఫై అనలైజర్ లాంటి యాప్‌లో కనబడుతుంది.

కేబుల్ లాగలేని ఇళ్లున్నాయి. మన దగ్గర పాత ఇళ్లల్లో రాతి గోడలు మందంగా ఉంటాయి, రంధ్రం కొట్టాలంటే మేస్త్రీ కూడా భయపడతాడు. వాళ్లకు రిపీటర్ మోడ్ ఉంది, రెండో రౌటర్ గాల్లోంచే మొదటిదాన్ని పట్టుకుని మళ్లీ వదులుతుంది. కానీ ఒకే రేడియో ఉన్నది విన్న ప్రతి మాటనూ తిరిగి చెప్పాలి కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది. పెట్టే చోటు కూడా ముఖ్యం. సిగ్నల్ రాని గదిలో పెడితే అది పట్టుకోవడానికే ఏమీ ఉండదు. సిగ్నల్ ఇంకా బాగున్న చోట, మధ్యదారిలో పెట్టాలి, మెట్ల దగ్గరైతే మంచిది. స్లాబులో ఇనుప సలాకలు ఉంటాయి, 5 గిగాహెర్ట్జ్ వాటిని దాటడం కష్టం. మెట్ల ఖాళీలోంచి మాత్రం బాగా పైకి వస్తుంది. ఇనుప బీరువా వెనక, ఫ్రిజ్ మీద రౌటర్ పెట్టొద్దు.

మెష్, అంటే ఒకే వైఫైలా కలిసి పనిచేసే డబ్బాల సెట్టు, కొంటే ఇవన్నీ పోతాయా అంటే, కొన్ని పోతాయి. ఫోన్ మారడం సాఫీగా ఉంటుంది, సెట్టింగ్స్ ఒకచోటే పెట్టుకోవచ్చు. వేర్వేరు కంపెనీల డబ్బాలు కలిసి పనిచేయడానికి వైఫై అలయన్స్ 2018లో ఈజీమెష్ అనే పద్ధతి తెచ్చింది. కొనేటప్పుడు అది రెండింటి మీదా రాసి ఉందో చూసుకోండి. కానీ మెష్ కూడా పెట్టెలోంచి రాగానే రౌటర్ మోడ్‌లోనే లేస్తుంది. ఫైబర్ బాక్స్ వెనక అట్లాగే పెడితే డబుల్ నాట్ మళ్లీ ఉంటుంది, దాన్ని కూడా యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చాలి. మీ ఇంట్లో కేబుల్ ఇప్పటికే పైకి పోయింది కాబట్టి మెష్ అవసరం నాకు కనబడటం లేదు.

మరి నీలం పోర్టు ఎవరికి? పై పోర్షన్ కిరాయికి ఇచ్చినవాళ్లకు పనికొస్తుంది, కాకపోతే చాలామంది తిరగేసి పెడతారు. కిరాయివాళ్లకు రెండో రౌటర్ నీలం పోర్టుతో ఇచ్చి, వాళ్లది వేరు మాది వేరు అని నిమ్మళంగా ఉంటారు. పైన డీవీఆర్ ఉదాహరణ చెప్పాను కదా, రెండో రౌటర్ వెనకున్నవాళ్లు మొదటి నెట్‌వర్క్‌లోని అడ్రసులు కొట్టి లోపలికి రాగలరు. అంటే మీ కెమెరాలు, మీ ఫైబర్ బాక్స్ పేజీ వాళ్లకు అందుతాయి, మీకే వాళ్లవి అందవు. కాపాడుకోవాల్సినవాళ్లు రెండో రౌటర్ వెనక ఉండాలి. లేదంటే కింది బాక్స్‌లోనే గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి, లోపలి వస్తువులు కనబడకుండా పెట్టి వాళ్లకు అది ఇవ్వండి. గెస్ట్ వైఫైని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో ఉన్న రెండో రౌటర్ నుంచి ఇస్తే కొన్ని మోడళ్లలో ఆ అడ్డు పనిచేయదు, పెట్టాక ఆ వైఫై మీద డీవీఆర్ అడ్రసు కొట్టి చూసుకోవాలి. కనెక్షన్ మీ పేరు మీద ఉంటుంది, దాని మీద ఎవరు ఏం చేసినా ముందు అడిగేది మిమ్మల్నే, అది కూడా మనసులో పెట్టుకోండి.

మీరు చివర్లో వాకిలి అవతల ఉన్న విడి గది గురించి కూడా అడిగారు. రెండు కట్టడాల మధ్య ఆకాశం కింద రాగి కేబుల్ లాగడం నాకు నచ్చదు. వేసవి చివర గాలివానల్లో పిడుగు దగ్గర్లో ఎక్కడో పడినా, ఆ తీగలో పుట్టే కరెంటు రెండు వైపులా పోర్టులు కాల్చేస్తుంది. అక్కడికి ఫైబర్ వేయండి. మీ ఇంటికి వచ్చిన లాంటి డ్రాప్ కేబుల్, రెండు చివరలా రెండు మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను మామూలు నెట్ కేబుల్‌కు కలిపే చిన్న డబ్బాలు) చాలు. అద్దం తీగలో కరెంటు పారదు. ఆ కేబుల్‌కు బరువు మోయడానికి ఒక ఉక్కు తీగ ఉంటుంది, దాన్ని బయట కొక్కెం దగ్గరే కత్తిరించమనండి, లోపలి దాకా తేవొద్దు. అవతల గదిలో పెట్టే మూడో రౌటర్ కూడా యాక్సెస్ పాయింటే.

బావి కాడికి, తోటకు నెట్ కావాలనేవాళ్లకు దారి వేరు. డాబా మీద ఒకటి, తోటలో ఒకటి, ఎదురెదురుగా చూసుకునే అవుట్‌డోర్ సీపీఈలు (గాల్లోంచి నెట్ పంపి అందుకునే యాంటెనా డబ్బాలు) పెట్టుకోవాలి. మధ్యలో చెట్లు ఉండొద్దు. నల్లగొండ వైపు బత్తాయి తోటల మీదుగా పోయే లింకులు ఎండలో బాగానే ఉండి, వాన పడి ఆకులు తడవగానే పడిపోతాయి. స్తంభం చెట్ల తలల కన్నా ఎత్తుగా ఉంటేనే పని.

కరెంటు సంగతి మరచిపోకండి. కింది బాక్స్ ఇన్వర్టర్ మీద ఉండి పై రౌటర్ లేకపోతే, కరెంటు పోయినప్పుడు మీ బిడ్డ మీటింగ్ ఆగిపోతుంది. చిన్న 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టొచ్చు. కానీ పెట్టేముందు రౌటర్ అడుగున స్టిక్కర్ చూడండి. కొన్ని చిన్న రౌటర్లు 9 వోల్టులవి, పిన్ను చూస్తే 12 వోల్టుల అడాప్టర్ లాగే ఉంటుంది, సరిగ్గా దూరుతుంది కూడా, అందుకని పొరపాటున తప్పుది పెట్టొద్దు. రెండు అడాప్టర్లు ఒకే చోట పడి ఉంటే వాటి మీద మార్కర్‌తో కింద, పైన అని రాసిపెట్టండి.

రెండో రౌటర్ లాగిన్ పాస్‌వర్డ్ ఫ్యాక్టరీదే వదిలేయకండి, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా కలిపే) బటన్ ఆపేయండి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే చేసేయండి.

అంతా పెట్టాక చూసుకోవడం తేలిక. పైన వైఫైకి తగులుకుని, ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ వైఫై పేరు మీద నొక్కితే అడ్రసు, గేట్‌వే (బయటికి పోయే దర్వాజ అడ్రసు) కనబడతాయి. గేట్‌వే 192.168.1.1, మీ అడ్రసు 192.168.1తో మొదలైతే సరిగ్గా ఉన్నట్టు. గేట్‌వే 192.168.0.1 అని వస్తే పై రౌటర్ ఇంకా అడ్రసులు పంచుతూనే ఉంది. విండోస్ లాప్‌టాప్‌లో అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో tracert 8.8.8.8 అని కొట్టండి, బయటికి పోయే దారిలోని ఒక్కో మెట్టు అడ్రసు చూపిస్తుంది. మొదటి మెట్టు 192.168.1.1 వచ్చి రెండో మెట్టు నుంచి కంపెనీ అడ్రసులు రావాలి. మొదటి రెండు మెట్లూ 192.168తో మొదలైతే ఇంట్లో రెండు దర్వాజలు ఇంకా ఉన్నట్టే. తర్వాతి మెట్లలో 100.64 నుంచి 100.127 లోపు అంకెలు కనబడితే కంగారు పడకండి, అది కంపెనీవాళ్ల వైపున్న నాట్, మీ పై రౌటర్‌కూ దానికీ సంబంధం లేదు.

ఇట్లా చేశాక కూడా తేడా వస్తే, పైన ఫోన్‌లో కనబడిన గేట్‌వే అంకె, కేబుల్ ఏ పోర్టులో ఉంది, రౌటర్ అడుగున స్టిక్కర్ మీదున్న మోడల్ పేరు, ఈ మూడూ రాయండి. రౌటర్ వెనక ఫోటో తీసి పంపేటప్పుడు వైఫై పాస్‌వర్డ్ ఉన్న చోట వేలు అడ్డం పెట్టి తీయండి.